పెన్నా బేసిన్‌లో బోరు నీళ్ల పరీక్ష: శాంపిల్ పట్టడం నుంచి రిపోర్టు చదవడం దాకా

అనంతపురం, శ్రీ సత్యసాయి, కడప జిల్లాల్లో బోరు నీళ్లు ఎలా ఉన్నాయని అడిగితే ఎక్కువమంది టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పుల మొత్తం) అంకె చెప్తారు. ఆర్వో మిషన్ అమ్మేవాళ్లు పెన్ను మీటరు ముంచి చూపించే అంకె అదే. అందులో కాల్షియం ఎంతో, సోడియం ఎంతో తెలియదు, ఫ్లోరైడ్ ఉందో లేదో అసలే తెలియదు. 500 టీడీఎస్ ఉన్న నీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండొచ్చు. 1,500 ఉన్న పక్క బోరులో 1 కూడా ఉండకపోవచ్చు. ఈ నేలలో ముందు చూడాల్సింది కాల్షియానికీ బైకార్బొనేట్‌కూ మధ్య లెక్క. తాగే నీళ్ల సంగతీ చీనీ (బత్తాయి) తోట సంగతీ రెండూ దాన్నిబట్టే తేలతాయి.

పెన్నా నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారి నెల్లూరు దిగువన సముద్రంలో కలుస్తుంది. పై భాగమంతా గ్రానైట్, నైస్ రాళ్లు. అనంతపురం వైపు ఏడాది వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. ఎండకు ఆవిరి కాగల నీరు అంతకు మూడు రెట్ల పైమాటే. మట్టిలోంచి దిగే నీరు కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని ఫెల్‌స్పార్, బయొటైట్, హార్న్‌బ్లెండ్ లాంటి ఖనిజాలను మెల్లగా కరిగిస్తుంది. అక్కడినుంచే సోడియం, కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ వస్తాయి. ఫ్లోరైడ్ కూడా బయొటైట్, అపటైట్‌ల నుంచే వస్తుంది. దాన్ని ఎవరో తెచ్చి కలిపింది కాదు.

నీరు ఆవిరై చిక్కబడే కొద్దీ మొదట గడ్డకట్టేది కాల్షియం కార్బొనేట్. ఎర్ర నేలను నాలుగడుగులు తవ్వితే కనిపించే తెల్లటి సుద్ద గడ్డలు అవే. అలా కొంత కాల్షియం పోతుంది. ఇంకొంత బంకమట్టి పట్టుకుని, బదులుగా సోడియం వదులుతుంది. నీళ్లలో కాల్షియం తగినంత ఉన్నప్పుడు ఫ్లోరైడ్ ఒక హద్దు దాటగానే కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు చేరుతుంది. కాల్షియం తగ్గితే ఆ హద్దు పెరుగుతుంది. స్థూలంగా లెక్క వేస్తే లీటరుకు 80 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నప్పుడు కరిగి ఉండగల ఫ్లోరైడ్ 2 మిల్లీగ్రాముల చుట్టుపక్కల, 20 మిల్లీగ్రాములకు దిగితే 4 పైన. అంటే కాల్షియం నాలుగో వంతైతే ఫ్లోరైడ్ హద్దు రెట్టింపు. అందుకే కాల్షియం తక్కువై సబ్బు బాగా నురగొచ్చే, కందిపప్పు తొందరగా ఉడికే "మంచి" బోరు నీళ్లనే ముందు అనుమానించాలి.

ఇంకా లోతుకు వేస్తే మంచి నీళ్లు పడతాయన్న నమ్మకం కూడా ఇక్కడ చెల్లదు. లోతు పగుళ్లలో నీరు రాతితో ఎక్కువ కాలం ఉంటుంది, అక్కడ సోడియం, ఫ్లోరైడ్ తరచూ ఎక్కువే.

1. ఏ బోరు, ఎప్పుడు

ఏడాదికి రెండుసార్లు పట్టండి. ఒకటి మే చివర, వానలకు ముందు. రెండోది నవంబరు, డిసెంబరు మధ్య, వానలు వెనుకబట్టాక. ఒక్కసారే వీలైతే మే నెలది పట్టండి. వానల తర్వాత నీళ్లు తప్పకుండా తేలికపడతాయని అనుకోవద్దు. మట్టిలో పేరుకున్న ఉప్పులు, పేడదిబ్బల నైట్రేట్ మొదటి గట్టి వానలకే కిందికి దిగుతాయి, పైపొర బోర్లలో అంకెలు అప్పుడే పెరగొచ్చు.

ఊరికి ఒక్క శాంపిల్ చాలదు. చెరువు కిందిది, చెరువుకు దూరంగా మెట్ట మీదిది, ఊరి మధ్యలోది ఒక్కొక్కటి కావాలి. పెన్నా లేదా చిత్రావతి ఇసుకలో తీసిన చెలమ నీళ్లు కూడా ఒక సీసా పట్టండి. కొత్తగా ఇంకిన నీరు ఎలా ఉంటుందో అదే చెప్తుంది, మిగతావాటిని దానితో పోల్చవచ్చు.

2. సామాను

ఒక్కో బోరుకు లీటరు ప్లాస్టిక్ సీసా ఒకటి, పావు లీటరుది ఒకటి, రెండూ కొత్తవి. గాజు వద్దు, ఫ్లోరైడ్‌కూ బోరాన్‌కూ ప్లాస్టిక్కే సరి. కూల్‌డ్రింక్ సీసాను సర్ఫ్‌తో కడిగి తేవద్దు. సర్ఫ్‌లో ఫాస్ఫేట్ ఉంటే అది ఫ్లోరైడ్ పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. ఇవి కాక ఈసీ మీటరు (నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచేది, ఉప్పులు పెరిగితే అదీ పెరుగుతుంది), పీహెచ్ మీటరు, థర్మామీటరు, ఐస్ పెట్టె, 15 లీటర్ల బకెట్టు, చెరగని మార్కరు. పీహెచ్ మీటరును ఆరోజు ఉదయమే 7, 9.2 బఫర్లతో సరిచూసుకోండి. ఈసీ మీటరుకు 1,413 మైక్రోసీమెన్స్ ద్రావణం దొరుకుతుంది.

3. నిలవ నీళ్లు పోనివ్వడం

ఎక్కువ శాంపిళ్లు చెడేది ఇక్కడే. మోటారు ఆపి ఉన్న బోరులో నీరు కేసింగ్ తుప్పుతో, గాలితో కలిసి మారిపోతుంది. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు సుమారు 6.5 లీటర్ల నీరు నిలుస్తుంది. నీటి మట్టం నుంచి అడుగుదాకా 200 అడుగుల నీరుంటే 1,300 లీటర్లు. దానికి మూడు రెట్లు, అంటే 3,900 లీటర్లు, పోనివ్వాలి. 15 లీటర్ల బకెట్టు 9 సెకన్లలో నిండితే నిమిషానికి 100 లీటర్లు, కాబట్టి 40 నిమిషాలు.

ఊరికే గడియారం చూస్తూ కూర్చోకండి. ఐదు నిమిషాలకోసారి ఈసీ చూడండి. వరసగా మూడు రీడింగుల మధ్య తేడా నూటికి ఐదు లోపలికి వస్తే అసలు పొరలోని నీరు వస్తున్నట్టే. బోరు అంతసేపు ఆడకుండా గాలి పట్టేస్తే ఆపి, నీరు ఊరనిచ్చి, మళ్లీ వేసిన తర్వాత వచ్చే నీటిని పట్టండి. ఆ సంగతి రాసుకోండి. పొలం బోరైతే పని సులువు, కరెంటు ఇచ్చే వేళల్లో మోటారు గంటసేపు ఆడాక వెళ్తే చాలు.

ట్యాంకులోంచీ ఇంటి కుళాయిలోంచీ పట్టవద్దు. డెలివరీ పైపు దగ్గరే పట్టాలి.

4. పట్టడం

అదే నీటితో సీసానూ మూతనూ మూడుసార్లు తొలపండి. ధార నెమ్మదిగా సీసా గోడవెంట దిగేలా పట్టి, పొంగిపొర్లాక బుడగ లేకుండా మూత బిగించండి. పైన గాలి ఉంటే నీటిలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది, పీహెచ్ పెరుగుతుంది, కాల్షియం కార్బొనేట్ సీసాలోనే గడ్డకడుతుంది. అలాంటి సీసాను ఖాళీ చేసి లోపల వేలితో రాస్తే సన్నటి గరుకు తగులుతుంది. రెండు చుక్కల నిమ్మరసం వేసి ఆడిస్తే ఆ తెల్ల పొర కరిగిపోతుంది. ఆ పొరలో ఉన్న కాల్షియం, బైకార్బొనేట్ రిపోర్టులో కనిపించవు. సోడియం మాత్రం అంతే ఉంటుంది, నీరు ఉన్నదానికంటే చెడ్డగా తేలుతుంది.

పావు లీటరు సీసా లోహాల కోసం. నీటిని 0.45 మైక్రాన్ ఫిల్టరులోంచి పోసి, పీహెచ్ 2 కన్నా తగ్గేదాకా శుద్ధమైన నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేయాలి. ఈ సీసా మీద "ఆమ్లం వేసింది" అని పెద్దగా రాయండి. ఇందులో క్షారత్వం చూస్తే సున్నా వస్తుంది, నైట్రేట్ చూస్తే ఆమ్లానిదే వస్తుంది.

పీహెచ్, ఉష్ణోగ్రత, ఈసీ అక్కడికక్కడే చూసి రాయండి. సీసా మీద సర్వే నంబరు, తేదీ, బోరు లోతు, కేసింగ్ ఎన్ని అడుగులు, మోటారు ఎన్ని అడుగుల్లో ఉంది అన్నవి ఉండాలి. ఐస్‌లో పెట్టి 24 గంటల్లో ల్యాబుకు చేర్చండి. నైట్రేట్‌కు 48 గంటలు దాటకూడదు.

క్షారత్వం పొలంలోనే చూసుకుంటే ఇంకా మంచిది. 50 మిల్లీలీటర్ల నీటిలో మిథైల్ ఆరెంజ్ మూడు చుక్కలు వేసి, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని బ్యూరెట్‌తో దించండి. పసుపు రంగు నారింజకు తిరగగానే ఆపండి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దాన్ని 20తో హెచ్చవేస్తే కాల్షియం కార్బొనేట్ లెక్కలో క్షారత్వం, దాన్ని 1.22తో హెచ్చవేస్తే బైకార్బొనేట్. పీహెచ్ 8.3 లోపు ఉన్న నీటికే ఈ రెండో లెక్క.

5. ల్యాబును ఏమడగాలి

"జనరల్ టెస్ట్" అని ఇస్తే సగం అంకెలే వస్తాయి. పీహెచ్, ఈసీ, కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం, కార్బొనేట్, బైకార్బొనేట్, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్, ఫ్లోరైడ్ అన్నీ పేరుపేరునా రాసివ్వండి. ఫ్లోరైడ్‌ను ఎలక్ట్రోడ్‌తో, టిసాబ్ బఫర్ కలిపి చూస్తారా అని అడగండి. అల్యూమినియం, ఇనుము పట్టుకున్న ఫ్లోరైడ్‌ను ఆ బఫరే విడిపిస్తుంది. రంగు మారే కిట్లు ఉందా లేదా చెప్పడానికి పనికొస్తాయి. 1.4కూ 1.8కీ తేడా తేల్చలేవు.

సోడియం ఫ్లేమ్ ఫొటోమీటరుతో కొలుస్తారా, లెక్కతో తీస్తారా అన్నదీ అడగాలి. కొన్ని చోట్ల మిగతావన్నీ కొలిచి, తక్కువపడ్డది సోడియం అని రాసేస్తారు. అలాంటి రిపోర్టులో ధన, రుణ అయాన్ల లెక్క (కింద 6లో ఉంది) ఎప్పుడూ అచ్చంగా సరిపోతుంది. సరిగ్గా సున్నా తేడా వస్తే సంతోషించకండి.

6. రిపోర్టు సరైనదేనా

లెక్క కోసం ఒక నమూనా తీసుకుందాం, పై పెన్నా నైస్ ప్రాంతపు నీటి తీరు ఇది. లీటరుకు మిల్లీగ్రాముల్లో: కాల్షియం 24, మెగ్నీషియం 29, సోడియం 230, పొటాషియం 4, బైకార్బొనేట్ 549, క్లోరైడ్ 99, సల్ఫేట్ 48, నైట్రేట్ 31, ఫ్లోరైడ్ 2.6. పీహెచ్ 8.2, ఈసీ 1,350 మైక్రోసీమెన్స్.

నీటిలో ధన అయాన్ల ఆవేశం, రుణ అయాన్ల ఆవేశం సమానంగా ఉండాలి. అది చూడాలంటే మిల్లీగ్రాములను ఆవేశాన్ని లెక్కించే మిల్లీ ఈక్వివలెంట్లకు మార్చాలి. భాగించాల్సిన అంకెలు: కాల్షియానికి 20, మెగ్నీషియానికి 12.15, సోడియానికి 23, పొటాషియానికి 39, బైకార్బొనేట్‌కు 61, క్లోరైడ్‌కు 35.45, సల్ఫేట్‌కు 48, నైట్రేట్‌కు 62, ఫ్లోరైడ్‌కు 19. ధన అయాన్లు 1.20 + 2.39 + 10.0 + 0.10 = 13.69. రుణ అయాన్లు 9.0 + 2.79 + 1.0 + 0.5 + 0.14 = 13.43. తేడా 0.26, మొత్తం 27.12, అంటే నూటికి 1. ఐదు లోపు ఉంటే రిపోర్టును నమ్మవచ్చు, పది దాటితే వెనక్కి ఇచ్చేయాలి. ఇంకో చిట్కా: ఈసీని 100తో భాగిస్తే ధన అయాన్ల మొత్తానికి దగ్గరగా రావాలి. ఇక్కడ 13.5, సరిపోయింది.

మనవాళ్లు తరచూ పడే గోతులు యూనిట్లవి. క్షారత్వం "కాల్షియం కార్బొనేట్‌గా" అని ఉంటే 50తో భాగించాలి, 61తో కాదు. నైట్రేట్ "నైట్రోజన్‌గా" ఇచ్చి ఉంటే 10 అన్నది 45 అన్నమాట, హద్దు మీద కూర్చున్నట్టు. ఈసీ 1.35 అని ఉంటే అది డెసీసీమెన్స్, నీళ్లు తియ్యనివని కాదు.

7. అంకెలు ఏం చెప్తున్నాయి

పై నమూనాలో టీడీఎస్ సుమారు 860 (ఈసీ × 0.64), కాఠిన్యం 180. పెన్ను మీటరు వాళ్లు "పర్వాలేదు" అంటారు. కానీ ఈక్వివలెంట్లలో చూస్తే సోడియం, క్లోరైడ్ కంటే మూడున్నర రెట్లు ఉంది. ఉప్పు కరిగి వచ్చిన సోడియమైతే రెండూ సమానంగా ఉండాలి. మిగిలింది ఫెల్‌స్పార్ నుంచీ, బంకమట్టి మార్పిడి నుంచీ వచ్చింది. కాల్షియం 24కు పడిపోయింది, ఫ్లోరైడ్ 2.6కు లేచింది. భారత ప్రమాణాల్లో తాగునీటికి ఫ్లోరైడ్ 1 ఉండవచ్చు, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా. ఈ నీరు తాగడానికి పనికిరాదు. శాశ్వత దంతాలు ఏర్పడే వయసు పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. ఈ వైపు ఇదేం కొత్త కాదు, ఫ్లోరైడ్‌తో పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదట నమోదు చేసింది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోనే.

నైట్రేట్ రాతిలోంచి రాదు. 45 దాటి, క్లోరైడ్, పొటాషియం కూడా పక్క బోర్ల కంటే పెరిగి ఉంటే మరుగుదొడ్డి గుంతనో పేడదిబ్బనో వెతకండి. క్లోరైడ్ పెరగకుండా నైట్రేట్ ఒక్కటే ఉంటే యూరియాను అనుమానించాలి.

నది వెంట దిగేకొద్దీ కథ మారుతుంది. వేంపల్లె డోలమైట్ మీద కాల్షియం, మెగ్నీషియం పెరిగి కాఠిన్యం ముందుకొస్తుంది. తుమ్మలపల్లె చుట్టుపక్కల రాతిలోనే యురేనియం ఉంది. బైకార్బొనేట్ దాన్ని కరిగించి పట్టుకోగలదు కాబట్టి ఆమ్లం వేసిన సీసాలో దాన్నీ అడగండి, హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. కుందూ లోయ నల్లరేగడిలో సల్ఫేట్, క్లోరైడ్ చూడాలి. నెల్లూరు తీరంలో సోడియం, క్లోరైడ్ నిష్పత్తి ఈక్వివలెంట్లలో 0.86 దగ్గరికి వస్తే సముద్రపు నీటిని అనుమానించాలి.

8. పొలానికి

బైకార్బొనేట్, కార్బొనేట్‌ల మొత్తంలోంచి కాల్షియం, మెగ్నీషియం తీసేస్తే మిగిలేది ఆర్‌ఎస్‌సీ (మిగులు సోడియం కార్బొనేట్), లెక్క లీటరుకు మిల్లీ ఈక్వివలెంట్లలో. మన నమూనాలో 9.0 − 3.59 = 5.4. 1.25 లోపు భయం లేదు, 2.5 దాకా జాగ్రత్త, ఆ పైన నేల చెడుతుంది. ఇలాంటి నీళ్లు పెట్టిన ఎర్రనేల పైపొర బిగుసుకుపోతుంది, వాన పడితే ఇంకదు. చీనీ చెట్లలో లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము లోపం, నేలలో ఇనుము లేక కాదు, పీహెచ్ పెరిగి వేరుకు అందక.

మందు జిప్సం. ఒక ఎకరం మీద అంగుళం నీటిలో ఆర్‌ఎస్‌సీని లీటరుకు ఒక మిల్లీ ఈక్వివలెంట్ తగ్గించడానికి శుద్ధ జిప్సం 8.8 కిలోలు కావాలి. 5.4 నుంచి 2.5కు దించాలంటే 2.9 × 8.8, అంటే 25.5 కిలోలు. దొరికే జిప్సం 75 శాతం శుద్ధమైతే 34 కిలోలు. పంటకు మొత్తం 20 అంగుళాలు పెడితే సుమారు 680 కిలోలు. వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు వేసే 200 కిలోలు కాయకు కాల్షియం కోసం, ఈ లెక్కలోంచి దాన్ని తీసేయవద్దు.

జిప్సాన్ని నేల మీద చల్లి పైపైన కలపండి, లేదా పారుదల కాలువలో గుంత కట్టి దాని మీదుగా నీళ్లు పోనివ్వండి. డ్రిప్ ట్యాంకులో మాత్రం కలపవద్దు, కాల్షియం పెరిగి బైకార్బొనేట్‌తో కలిసి డ్రిప్పర్లలోనే సున్నం కడుతుంది. డ్రిప్‌కు ఆమ్లం వాడాలి. ఈ నీటిలో లీటరుకు ఉన్న 9 మిల్లీ ఈక్వివలెంట్ల బైకార్బొనేట్‌ను దాదాపు పూర్తిగా తటస్థం చేసి పీహెచ్ 4కు దించాలంటే వెయ్యి లీటర్లకు వాణిజ్య హైడ్రోక్లోరిక్ ఆమ్లం 800 మిల్లీలీటర్లు పడుతుంది. ముందు ఒక బకెట్టులో వేసి పీహెచ్ చూసుకోండి. ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో పోస్తే ఎగజిమ్ముతుంది. లైన్లలో గంట నిలిపి, చివరి మూతలు తీసి కడిగేయాలి.

హంద్రీ-నీవా కాలువ నీళ్లు చేరిన చెరువు దగ్గరుంటే ఆ నీళ్లను బోరు నీళ్లలో కలపడమే అన్నిటికంటే చవక. ఆర్‌ఎస్‌సీ కలిపిన పాళ్లకు తగ్గట్టే తగ్గుతుంది.

9. తాగడానికి

కాచితే ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు, ఇంకా చిక్కబడతాయి.

నాగ్‌పూర్ నీరీ సంస్థ 1970ల్లో రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం వాడతారు. మోతాదును నోటిమాటగా తీసుకోవద్దు. లీటరుకు 100 గ్రాముల పటిక కలిపిన ద్రావణం చేసి, ఐదు జాడీల్లో ఒక్కో లీటరు బోరు నీళ్లు పోసి, వరసగా 2, 3, 4, 5, 6 మిల్లీలీటర్లు వేయండి. సున్నం పటికలో ఇరవయ్యో వంతు. ఒక నిమిషం వేగంగా, పది నిమిషాలు మెల్లగా కలిపి గంటసేపు తేరనివ్వండి. పైనీటిలో ఫ్లోరైడ్‌తోపాటు అల్యూమినియం, సల్ఫేట్ కూడా పరీక్ష చేయించండి. అల్యూమినియం 0.2 దాటకూడదు. ఫ్లోరైడ్ 4, 5 ఉన్న చోట పటిక అంతకంతకూ ఎక్కువై సల్ఫేట్ 400 దాటేస్తుంది, అక్కడ ఈ పద్ధతి వదిలేయడమే మేలు.

యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లు ఇంటికి తేలికే. కానీ పీహెచ్ 8 దాటిన, బైకార్బొనేట్ ఎక్కువున్న మన నీళ్లలో వాటి సత్తా కంపెనీ చెప్పిన దానికంటే ముందే అయిపోతుంది. నెలకోసారి బయటికొచ్చే నీళ్లు చూపించండి.

ఆర్వో పనిచేస్తుంది. దాని వ్యర్థ నీటి సంగతే ఎవరూ పట్టించుకోరు. సగం నీరు వ్యర్థంగా పోతే 2.6 ఉన్న ఫ్లోరైడ్ అందులో 5 దగ్గరికి చేరుతుంది. దాన్ని ఇంకుడు గుంతలోకి వదిలితే మీ బోరులోకే తిరిగి పంపినట్టు. బండలు కడగడానికో బండి కడగడానికో వాడండి.

ఇంటి కప్పు 50 చదరపు మీటర్లుంటే వాన నీళ్ల లెక్క ఒకసారి వేసి చూడండి. 550 మిల్లీమీటర్లలో ఐదో వంతు పోయినా 22,000 లీటర్లు. ఐదుగురికి తాగడానికీ వంటకూ రోజుకు 25 లీటర్లు అనుకుంటే ఏడాదికి 9,000 చిల్లర. వానలు లేని ఆర్నెల్లకు 5,000 లీటర్ల ట్యాంకు చాలు. ప్రతి వానలో మొదటి రెండు మిల్లీమీటర్లను, అంటే ఈ కప్పుకు 100 లీటర్లను, బయటికి వదిలే పైపు పెట్టండి. ఆ నీళ్లకు ఫ్లోరైడ్ పరీక్ష అవసరం లేదు. కోలిఫాం (మలంతో కలిసిందా అని చెప్పే బ్యాక్టీరియా) పరీక్ష మాత్రం చేయించాలి.